రమ్మీ ఆడే ఇంట్లో రేస్ ఫర్ ద గెలాక్సీ

దసరాకు ఊరికి పోతున్నారు. బ్యాగులో కొత్త బట్టలతో పాటు ఒక పెట్టె కూడా పెట్టుకున్నారు. హైదరాబాద్‌లో రూమ్మేట్లతో ఆడి ఆడి మీకు పిచ్చి పట్టిన ఆట, రేస్ ఫర్ ద గెలాక్సీ. ఈసారి రామన్నపేటలో బావతో, చిన్నాయనతో, వదినెతో ఎట్లాగైనా ఆడించాలని మీ పట్టుదల. మంచిదే. కానీ ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. పోయినసారి ఏమైంది? పెట్టె తెరిచి అరగంట చెప్పారు. ఆట సగంలో ఉండగానే చిన్నాయన “బాయికాడికి పోయొస్త” అని లేచాడు. బావ ఫోన్ తీశాడు. చివరికి మిగిలింది మీరూ, పదో తరగతి తమ్ముడూ. అంతేనా?

వాళ్లకు ఆట రాదని మాత్రం అనుకోకండి. పదమూడు ముక్కల రమ్మీలో ఎవరు ఏ ముక్క ఎత్తారు, ఏది కొట్టారు అని పొద్దంతా గుర్తుపెట్టుకునే మనుషులు వాళ్లు. రమ్మీలో నైపుణ్యం ఉందా లేదా అన్న విషయం సుప్రీంకోర్టు దాకా పోయింది కూడా. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసు అది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ మధ్య నడిచిన ఆ కేసులో 1967లో తీర్పు వచ్చింది. మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం మీద నడిచేదనీ, రమ్మీ అట్లా కాదనీ, పడ్డ ముక్కలను గుర్తుంచుకోవాలి కాబట్టి అందులో నైపుణ్యం ఉందనీ కోర్టు చెప్పింది. మీ చిన్నాయనకు ఆ నైపుణ్యం నలభై ఏళ్లుగా ఉంది. దాన్ని మీ పెట్టె దగ్గరికి ఎట్లా తేవాలన్నదే ఈ అధ్యాయం.

1. ఎవరిని కూర్చోబెట్టాలి, ఎప్పుడు?

ముగ్గురితో మొదలుపెట్టండి, మీతో కలిపి. పెట్టె మీద ఇద్దరి నుంచి నలుగురి దాకా అని రాసి ఉంటుంది, నిజమే. కానీ ఇద్దరి కోసం ఉన్న ప్రత్యేక పద్ధతిలో ఒక్కొక్కరు రౌండుకు రెండేసి పనులు ఎంచుకోవాలి; కొత్తవాళ్ల తల తిరుగుతుంది. నలుగురైతే మీరు ముగ్గురికి చెప్పుకుంటూ రావాలి, ఒకరికి చెప్పేలోపు ఇంకొకరికి విసుగొస్తుంది.

పండుగ రోజు వద్దు. జమ్మి తెచ్చేవాళ్లు, అలాయ్‌బలాయ్‌కి వచ్చేవాళ్లు, మధ్యలో లేచి పోయేవాళ్లు... ఆ రోజు ఎవరికీ అరగంట కుదురుండదు. మర్నాడు మధ్యాహ్నం, మిగిలిన మాంసం కూరతో తిన్నాక, ఎండ తగ్గేదాకా ఎవరూ బయటికి పోని వేళ చూసుకోండి. ఒక ముఖ్యమైన జాగ్రత్త: పత్తాల మండలి అప్పటికే కూర్చుని ఉంటే అందులోకి దూరి “గిది కాదు, నేనొక కొత్త ఆట తెచ్చిన” అనకండి. వాళ్ల ఆటను ఆపినవాడి ఆటను ఎవరు ఆడతారు?

అసలు ముందు మీరు వాళ్లతో నాలుగు రౌండ్లు రమ్మీ ఆడండి. ఓడిపోండి, గెలవండి, ఏదైనా సరే. తర్వాత అడిగితే కాదనరు.

2. కథ రెండు వాక్యాల్లో చెప్పండి

“మనం ఒక గెలాక్టిక్ నాగరికతను నిర్మిస్తాం” అని మొదలుపెట్టారో, అక్కడే అయిపోయింది. దానికి బదులు ఇట్లా అడగండి: “శ్రీహరికోట నుంచి మన హైదరాబాదోళ్ల రాకెట్ పోయింది, యాదికుందా బావ?” స్కైరూట్ కంపెనీ విక్రమ్-ఎస్ 2022 నవంబర్ 18న ఎగిరిన సంగతి టీవీలో చూసినవాళ్లే అందరూ. “గట్లనే మనమొక్కొక్కరం రాకెట్లేసుకొని ఒక్కో గ్రహం మీద దిగుతం. ఆడ ఏదో ఒకటి పండిస్తం, అమ్ముకుంటం.” ఇంతే. ఇంతకు మించి కథ ఎవరికీ అక్కర్లేదు. పిల్లలెవరైనా పక్కన కూర్చుంటే చంద్రయాన్ గురించి మొదలుపెడతారు. పెట్టనివ్వండి, వాళ్లే మీకు అసిస్టెంట్లు.

3. రమ్మీ తెలిసినవాళ్లకు అడ్డం పడే ఒక్క ముడి

ఇక్కడ కాస్త నెమ్మదిగా నడవాలి. సగం మంది జారిపోయేది ఇక్కడే.

ఈ ఆటలో డబ్బు వేరే లేదు. ముక్కే సరుకు, ముక్కే పైస. ధర 3 అని ఉన్న గ్రహాన్ని బల్ల మీద దించాలంటే చేతిలోంచి ఇంకో మూడు ముక్కలు పారేయాలి. రమ్మీలో పారేసేది పనికిరాని ముక్క. ఇక్కడ పారేసే మూడింట్లో రెండైనా మంచివే ఉంటాయి. ఏళ్ల తరబడి ‘మంచి ముక్క పట్టుకో, చెత్త ముక్క కొట్టు’ అని అలవాటైన చేతికి ఇది మింగుడు పడదు. “గింత మంచి ముక్కను పారేయమంటవేందిరా?” అని చిన్నాయన అడిగితే అది అమాయకపు ప్రశ్న కాదు. ఆయన ఆటలో అసలు చిక్కును పట్టుకున్నట్టు.

మాటలతో చెప్పకండి. మీ చేతిలోవి ఐదు ముక్కలు తీసి అందరికీ కనబడేట్టు బల్ల మీద పరచండి. ఒక గ్రహం మీద వేలు పెట్టండి. “చిన్నాయనా, నేనిది దించాలె. ధర 3. మిగిలిన నాలుగిట్ల ఒక్కటే నాకు మిగుల్తది. ఏది ఉంచుకోమంటవ్?” ఆయన ముందుకు వంగుతాడు. ఒక ముక్క తీసి చూస్తాడు, పక్కన పెడతాడు, ఇంకోటి తీస్తాడు. “గిది ఉంచుకో” అంటాడు. ఎందుకని అడిగితే ఏదో ఒక కారణం చెబుతాడు కూడా. ఆ కారణం తప్పయినా సరే, ఆయన చెప్పినట్టే చేయండి. ఆ నిమిషంలో ఆయనకు ఆట వచ్చేసింది. నియమాల పుస్తకంలో నాలుగు పేజీలు చేయలేని పని అది.

రమ్మీ నుంచి అట్లాగే తెచ్చుకోగలిగింది ఇంకొకటుంది: ఎదుటివాడి మనసు చదవడం. రౌండు మొదట్లో ప్రతి ఒక్కరూ తమ దగ్గరున్న ఏడు పని-ముక్కల్లోంచి ఒకటి ఎంచుకొని బోర్లా పెడతారు. అందరూ ఒకేసారి తిప్పుతారు. ఎవరు ఎంచుకున్న పనైనా అందరికీ జరుగుతుంది. ఎంచుకున్నవాళ్లకు మాత్రం కొంత అదనపు లాభం. ఎవరూ ఎంచుకోని పని ఆ రౌండులో జరగదు. ఇప్పుడు ఆలోచించండి. బావ చేతినిండా ముక్కలున్నాయి, ఆత్రంగా ఉన్నాడు, ఈ రౌండులో గ్రహం దించుతాడని మీకు నమ్మకం. మరి మీరు కూడా అదే ఎందుకు ఎంచుకోవాలి? మీరు కొత్త ముక్కలు వెతికే పని ఎంచుకొని ముందు ముక్కలు తెచ్చుకోండి, ఆయన పుణ్యాన మీరూ ఒక గ్రహం దించుకోండి. ఈ మాట ఒక్కసారి చెబితే చాలు, పత్తాల మనుషుల కళ్లు మెరుస్తాయి.

ఒక తేడా మాత్రం ముందే చెప్పేయండి. రమ్మీలో కొట్టిన ముక్క అందరికీ కనబడుతుంది. ఇక్కడ పారేసినవి బోర్లా పడతాయి. కాబట్టి ఎదుటివాళ్లు ఏం పారేస్తున్నారని చూసి లాభం లేదు. వాళ్ల ముందు బల్ల మీద ఏం పరుచుకుంటున్నారో చూడాలి. ఇంకొకటి: రౌండు అయ్యేసరికి చేతిలో పదికి మించి ఉండకూడదు. దాచుకునే అలవాటున్నవాళ్లకు ఇది కోపం తెప్పిస్తుంది, చెప్పి ఉంచండి.

4. పనులకు మన పేర్లు పెట్టండి

ముక్కల మీద ఇంగ్లిష్ ఉంటుంది. దాన్ని చూసి వదినె వెనక్కి తగ్గితే, అందులో సగానికి పైగా గుర్తులూ అంకెలేనని చూపించండి. రౌండులో వచ్చే ఐదు దశలు వరసగా ఇవి. నేనైతే ఈ పేర్లే వాడతాను:

వెతుకుడు: రెండు ముక్కలు తీసి ఒకటి ఉంచుకోవడం.
కట్టుడు: ఏదైనా అభివృద్ధి ముక్క దించడం, ఎంచుకున్నవాళ్లకు ధరలో ఒకటి తగ్గుతుంది.
దిగుడు: గ్రహం దించడం, ఎంచుకున్నవాళ్లకు దించాక ఒక ముక్క వస్తుంది.
అమ్ముడు: పండిన సరుకును ముక్కలుగానో పాయింట్లుగానో మార్చుకోవడం.
పండించుడు: గ్రహాల మీద సరుకు పెట్టడం. ఆ సరుకు కూడా బోర్లా పెట్టిన ముక్కే.

సరుకు నాలుగు రంగులు. అమ్మితే నీలానికి 2 ముక్కలు, గోధుమ రంగుకు 3, ఆకుపచ్చకు 4, పసుపుకు 5. ఒక కాగితం మీద ఈ ఐదు పేర్లూ నాలుగు ధరలూ పెద్ద అక్షరాలతో రాసి బల్ల మధ్యలో పెట్టండి. పెట్టెలో వచ్చే చీటీని పెట్టెలోనే ఉంచండి. అది చూస్తే నాకే భయమేస్తుంది.

5. మొదటి రెండు రౌండ్లు చేతులు తెరిచి ఆడండి

నియమాల పుస్తకంలోనే కొత్తవాళ్ల కోసం ముందే ఎంచిపెట్టిన చేతులు ఉన్నాయి. డిజైనర్ టామ్ లేమన్‌కు తన ఆట కొత్తవాళ్లకు కష్టమని 2007లోనే తెలుసు. వాటిని వాడుకోండి, నామోషీ పడకండి. పని-ముక్కలు కూడా దాచకుండా, “నేను దిగుడు పెడుతున్న, నువ్వేం పెడ్తవ్?” అని మాట్లాడుకుంటూ ఆడండి. మూడో రౌండు నుంచి బోర్లా.

మొదలుపెట్టే గ్రహాల్లో న్యూ స్పార్టా ఒకటి ఉంటుంది. దానికి సైనిక బలం 2. ఎర్ర వలయం ఉన్న గ్రహాలను ముక్కలేమీ కట్టకుండా బలంతోనే పట్టుకోవచ్చు. ఆలోచించే ఓపిక లేని మనిషి, ‘ధర’ అనగానే మొహం ముడిచే మనిషి మీ మండలిలో ఎవరో మీకు తెలుసు. న్యూ స్పార్టా వాళ్లకివ్వండి.

వదినెకు మాత్రం పండించి అమ్ముకునే దారి చూపండి. రామన్నపేట చుట్టుపక్కల సిరిపురం, వెల్లంకి లాంటి ఊళ్లలో పుట్టి మగ్గం పని తెలిసిన మనిషయితే మీకు సగం శ్రమ తప్పుతుంది. నూలుకు ముడులు కట్టి రంగులో ముంచేటప్పుడే చీర మీద పువ్వు ఎక్కడ తేలుతుందో లెక్క ఉన్నట్టు, మొదట దించే రెండు మూడు ముక్కల్లోనే చివరి పాయింట్లు ఎక్కడినుంచి రావాలో లెక్క ఉంటుంది.

6. మీరు చేసే తప్పులు

వాళ్లు చేసే తప్పుల జాబితా రాయను. అవి ఆటలో భాగం. మీవి చూద్దాం.

అన్ని గుర్తులూ ముందే చెప్పడం. వద్దు. గుర్తు ఎవరి ముందైనా పడినప్పుడు, వాళ్లు అడిగినప్పుడు, అప్పుడు చెప్పండి. ఆరు ధర ఉండి పాయింట్ల దగ్గర ప్రశ్నార్థకం ఉన్న ముక్కలుంటాయి. ఎవరి చేతికైనా వస్తే “ఇది చివర్ల పనికొస్తది, ఇప్పుడైతే పైస అనుకో” అని దాటేయండి.

వాళ్ల బదులు మీరే ఆడటం. “అయ్యో బావ, నువ్వు గా ముక్క ఆడాల్సింది!” ఈ మాట అన్నారో, బావ ఫోన్ తీస్తాడు. రమ్మీలో పక్కన కూర్చుని సలహాలిచ్చేవాణ్ని మన ఊళ్లో ఏమంటారో మీకు తెలియదా? అడిగితేనే చెప్పండి. అడిగినా రెండు దారులు చూపించి ఊరుకోండి.

కావాలని ఓడిపోవడం. పట్టేస్తారు. పత్తాలు పట్టినవాళ్ల దగ్గర ఆ నటన నడవదు. పైగా అది అవమానం. అట్లాగని మీకు బాగా వచ్చిన ఎత్తుతో అందర్నీ తొక్కేసి గెలవడమూ వద్దు. మీరెప్పుడూ ప్రయత్నించని దారి ఒకటి పట్టండి. ఓడితే నిజంగా ఓడతారు, గెలిస్తే మీకూ కొత్తగా ఉంటుంది.

ఆట చప్పున ముగిసిపోవడం. ఎవరి ముందైనా 12 ముక్కలు చేరితే, లేదా పాయింట్ల బిళ్లలు అయిపోతే ఆ రౌండుతో ఆట ఆఖరు. మొదట పెట్టిన గ్రహం కూడా ఆ పన్నెండులో లెక్కే. కొత్తవాళ్లు ఇది మరిచిపోతారు. “అప్పుడే అయిపోయిందా? నేనింకా ఇప్పుడిప్పుడే మొదలుపెట్టిన గద!” అనే మాట వినబడిందంటే తప్పు మీదే. ఎవరి ముందైనా తొమ్మిది కాగానే గట్టిగా చెప్పండి: “వదినెకు ఇంక మూడే!” రమ్మీలో షో కొడతాడేమోనన్న భయం ఎట్లా ఉంటుందో అదే భయం బల్ల చుట్టూ పాకుతుంది. ఆట రుచి అక్కడుంది.

అనుబంధం పెట్టెలు కలపడం. ద గాదరింగ్ స్టార్మ్, రెబెల్ వర్సెస్ ఇంపీరియం, ద బ్రింక్ ఆఫ్ వార్... కొన్నారు, సంతోషం. అవి హైదరాబాద్‌లోనే ఉండనివ్వండి.

పోతే, ఫోన్ యాప్‌లో మాత్రమే ఆడి నేర్చుకున్నవాళ్లకు ఒక హెచ్చరిక. యాప్ లెక్కలన్నీ తానే చేస్తుంది. చేత్తో ముక్కలు పంచి, సరుకు పెట్టి, పాయింట్లు ఇచ్చేటప్పుడు మీకే అనుమానాలు వస్తాయి. ఊరికి పోయే ముందు ఒంటరిగానైనా ఒక ఆట ముక్కలతో ఆడి చూసుకోండి.

7. “పాయింట్‌కు ఎంత?”

ఎవరో ఒకరు అడుగుతారు. నవ్వి దాటేయండి. సరదాకు రూపాయి పెట్టినా కొత్తవాడు భయపడి ఆడతాడు, మంచి ముక్క అసలే పారేయడు. పైగా చట్టం సంగతీ ఉంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని కూడా నిషేధించింది. 2025లో కేంద్రం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటి మీదా చట్టం తెచ్చింది. ఇల్లు గుల్ల చేసుకున్నవాళ్లను చూసిన ఊళ్లివి. ఓడినవాళ్లు చాయ్ పెట్టాలి అనుకుంటే చాలు. అది కూడా వదినె ఓడినప్పుడు బావే పెట్టాలని షరతు పెట్టండి, ఆటకు ఇంకాస్త ఊపొస్తుంది.

8. అయినా కుదరకపోతే?

కుదరకపోవచ్చు. అప్పుడు ఆటను తిట్టకండి, మనుషుల్నీ తిట్టకండి. మెట్టు దిగండి.

అదే డిజైనర్ 2017లో జంప్ డ్రైవ్ అని చిన్న ఆట చేశాడు. అదే అంతరిక్షం, అదే ముక్కే-పైస పద్ధతి, కానీ దశలు ఎంచుకోవడం లేదు. ప్రతి రౌండులో ముక్క దించడం, రాబడి తీసుకోవడం. ఎవరికైనా 50 పాయింట్లు వస్తే ఆఖరు. అరగంటలో తేలిపోతుంది. రేస్‌లో చిక్కుపడ్డవాళ్లకు ఇది చాలా సులువుగా ఎక్కుతుంది. నన్నడిగితే కొందరి ఇళ్లలో దీంతోనే మొదలుపెట్టడం మేలు.

పోట్లాట కావాలనుకునే అన్నదమ్ములిద్దరుంటే వాళ్లకు స్టార్ రెల్మ్స్. ఒక్కొక్కరికి పది ముక్కలు, అందులో ఎనిమిది స్కౌట్లు, రెండు వైపర్లు, ప్రాణం 50. మధ్యలో పరిచిన ఐదు ముక్కల్లోంచి ఓడలు కొనుక్కుంటూ ఎదుటివాడి యాభైని సున్నా చేయాలి. మొదట ఆడేవాడికి మొదటిసారి ఐదు కాక మూడే ముక్కలు, న్యాయం కోసం. చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. ముగ్గురుంటే మాత్రం ఈ పెట్టె తీయకండి, మూడోవాడు దిక్కులు చూస్తాడు.

“గివన్నీ బయటి దేశపు ఆటలు, మనకెందుకు?” అని పెద్దాయన ఎవరైనా అంటే గంజీఫా గురించి చెప్పండి. మన నిర్మల్ చిత్రకారులు చేత్తో రంగులద్ది గుండ్రటి పత్తాలు తయారుచేసేవాళ్లు. మొఘల్ గంజీఫాలో ఎనిమిది రంగులు, 96 ముక్కలు. దశావతార గంజీఫాలో పది రంగులు, 120 ముక్కలు. పని-ముక్కలు కాక మీ పెట్టెలో ఉన్నవి 114. ఆ మాత్రం లెక్క పెట్టుకోవడం మన తాతలకు కొత్త కాదు.

9. ఆట అయ్యాక

పాయింట్లు మీరొక్కరే చకచకా లెక్కపెట్టి “నేనే గెలిచిన” అనకండి. ఒక్కొక్కరి ముక్కలు వరసగా, పైకి చదువుతూ, తమ్ముడితో కూడించండి. అంతసేపు తాము పరిచిన గ్రహాలను వాళ్లు మళ్లీ ఒకసారి చూసుకుంటారు. చిన్నాయన ఓడిపోయినా “గీ గ్రహం దించినప్పుడే నా ఆట మారింది” అని చెప్పుకోవడానికి ఒక ముక్క దొరుకుతుంది. రెండో ఆట అడిగేది ఆ ముక్క కోసమే. అడిగితే వెంటనే పంచండి, ఈసారి మొదటినుంచే చేతులు దాచి. అడగకపోతే పెట్టె మూసి పత్తాలు తీయండి, మొహం మాడ్చుకోకుండా.

హైదరాబాద్ తిరిగి పోయేటప్పుడు పెట్టె అక్కడే వదిలేసి రండి. మీరు రాసిన ఐదు పేర్ల కాగితం కూడా అందులోనే పెట్టండి. బిళ్లలు పోతాయని బెంగా? చింతగింజలు వాడుకోమనండి, ఒక్కో గింజ ఒక పాయింట్. ముక్కలు నానకుండా వానాకాలంలో ఒక ప్లాస్టిక్ కవర్ చుట్టమని తమ్ముడికి చెప్పండి. మీరు లేనప్పుడు వాళ్లు రెండు నియమాలు తప్పు ఆడతారు, ఒకటి సొంతంగా కల్పించుకుంటారు. సంక్రాంతికి పోయినప్పుడు వాటిని దిద్దే పని పెట్టుకోకండి. వాళ్ల నియమాలతోనే ఒక ఆట కూర్చోండి.